నీళ్ళు దిగని మిషను

సీతారత్నం ఇంట్లో బట్టలుతికే మిషను పెరటి వసారాలో ఉండేది. ఒక పక్క కొబ్బరి పీచు బస్తాలు, ఇంకో పక్క తాడు పేనే రాట్నం. వాటి మధ్య తెల్లగా, నున్నగా, గుండ్రటి అద్దం తలుపుతో ఆ మిషను దారి తప్పి వచ్చిన దొరసానిలా నిలబడి ఉండేది. రాజోలు దగ్గర ఆ ఊళ్ళో అప్పటికి, అంటే రెండువేల రెండులో, అలాంటిది ఇంకెవరింట్లోనూ లేదు. వీధిలో ఆడవాళ్ళు చూడ్డానికి వచ్చేవారు. "బట్టలేస్తే అవే ఉతుక్కుంటాయా వదినా" అని అడిగేవారు. అంతలోనే ఆ మిషను పంపిన మనిషి గుర్తొచ్చి, మాట మింగేసి వెళ్ళిపోయేవారు.

పంపింది ఉమామహేశ్వరి. సీతారత్నానికి ఒక్కగానొక్క కూతురు.

ఉమ మొగుడు మండపేట రైసుమిల్లులో పనికని వెళ్ళి అక్కడే ఇంకో కాపురం పెట్టేడు. ఉమ ఏడుస్తూ కూర్చోలేదు. ఐదేళ్ళ పిల్ల శ్రీలక్ష్మిని తల్లి ఒళ్ళో పెట్టి కువైటులో ఇంటిపనికి వెళ్ళింది. వెళ్ళేముందు వాడపల్లి వెంకన్నకి తలనీలాలిచ్చింది. "మళ్ళీ జుట్టు జడకి అందేసరికి వచ్చేస్తానమ్మా" అంది, గుండు మీద కొంగు కప్పుకుని నవ్వుతూ.

ఆమె కోసమే ఇంట్లో ఫోను పెట్టించేరు. కానీ అంత దూరంనుంచి మాట్లాడితే జీతమంతా ఫోనుకే పోతుందని తల్లీకూతుళ్ళు ఒక ఏర్పాటు చేసుకున్నారు. ప్రతి శుక్రవారం దీపాలవేళకి ఫోను రెండు రింగులై ఆగిపోయేది. ఎవరూ ఎత్తకూడదు. రెండు రింగులంటే 'నేను బాగానే ఉన్నానమ్మా' అని. సీతారత్నం పీచు చేతులు కొంగుకి తుడుచుకుని, ఫోను పక్కన పీట వేసుకుని, ఆ రెండు రింగులూ దేవుడి గంట విన్నట్టు వినేది.

చివరి ఉత్తరంలో ఉమ ఇలా రాసింది.

"అమ్మా, ఈ ఇంట్లో నాతోపాటు ఇంకో పనిపిల్ల ఉంది. శ్రీలంక పిల్ల. దాని మాట నాకు రాదు, నా మాట దానికి రాదు. అయినా రోజూ పడుకునేముందు నా ముందు చతికిలబడి జడ వేయమంటుంది. తాడు పేనినట్టు పేనేస్తున్నానని మొహం చిట్లిస్తుంది. మా మేడమ్ కొత్త మిషను కొని పాతది నాకిచ్చేసింది. ఓడమీద కార్గోలో వేసేను. పీచు నీళ్ళలో నాని నీ వేళ్ళు పాసిపోయి ఉంటాయి. ఇంక బట్టలు చేత్తో ఉతక్కు."

మిషను కంటే ముందు పెట్టె వచ్చింది.

వంటింట్లో గ్యాసు అంటుకుందన్నారు. ఉమని పంపించిన ఏజెంటు ధర్మరాజు తల వంచుకుని నిలబడ్డాడు. "మొహం చూసేలా లేదండి పిన్నిగారూ. పెట్టె తియ్యొద్దని కాగితంమీదే రాసిచ్చేరు."

"ఆ రెండో పిల్లనైనా అడిగేరా బాబూ? అసలేం జరిగిందో?"

"ఆ పిల్ల ఆ గొడవలో గోడ దూకి పారిపోయిందటండి. ఇప్పటికీ జాడ లేదు."

మనిషి పోతే, ఎంత లేనివాళ్ళైనా తలంటి నీళ్ళు పోసి పంపడం అక్కడి వాడుక. పుట్టినప్పుడు తల్లి పోసిన నీళ్ళు మొదటివైతే అవి చివరివి. ఉమకి ఆ నీళ్ళు లేవు. పెద్దవాళ్ళు ఒక చెంబుడు పసుపునీళ్ళు పెట్టెమీదే పోయించేరు. నీళ్ళు చెక్కమీంచి జారి వాకిట్లో పడ్డాయి. లోపలికి ఒక్క చుక్క దిగలేదు. సీతారత్నం ఖాళీ చెంబు పట్టుకుని అలా చూస్తూనే ఉండిపోయింది. ఆరోజునుంచీ ఆమె గుండెలో ఒకటే ముల్లు. కాలిన ఒళ్ళు కదా, నా బిడ్డ ఎంత దాహంతో పోయిందో, నేను నీళ్ళు పొయ్యలేకపోయేను...

నలభై రోజులకి మిషను వచ్చింది. ముట్టుకోవడానికే చేతులు రాలేదు. కానీ చేత్తో ఉతకొద్దని బిడ్డ చెప్పిన ఆఖరి మాటాయె. ఉతుకుతూ వచ్చింది. రెండు నెలలు బాగానే నడిచింది.

శ్రావణమాసంలో ఒక సోమవారం నీళ్ళు దిగడం మానేసింది.

కబురు పెడితే రాజోలునుంచి మెకానిక్ తాతబ్బాయి లూనా మీద వచ్చేడు. ఫ్యాన్లు, మిక్సీలు, పంపుసెట్లు, అన్నీ బాగుచేస్తాడు. నోరు ఊరుకోదు.

"ఎప్పట్నించండి పిన్నిగారూ?"

"పొద్దున్నించి బాబూ. తిరుగుతోంది, మూలుగుతోంది. నీళ్ళు మాత్రం విడవట్లేదు."

తాతబ్బాయి మిషను వెనక్కి తొంగి చూసి నవ్వేడు. "మూలగదాండి మరి. మీ పీచుబస్తా దాని పీకమీద కూర్చుంది." నలిగిపోయిన గొట్టాన్ని సరిచేసి, ఈనెపుల్లతో చివర పట్టిన మురికి తీసి, తూముకి ఎత్తులో కట్టేడు. నీళ్ళు బడబడా పోయాయి. "ఇంక ఢోకా లేదండి" అని కాఫీ తాగి వెళ్ళిపోయేడు.

మంగళవారం పొద్దున్న మళ్ళీ అదే వరస. అద్దం వెనకాల బట్టలు సగం నీళ్ళలో మునిగి, నిశ్శబ్దంగా, అటూ ఇటూ ఊగుతున్నాయి. మోటారు తిరగట్లేదు. అయినా ఊగుతున్నాయి.

ఈసారి తాతబ్బాయి మిషను కింద మూల ఉన్న చిన్నమూత తీసేడు. "ఇక్కడ జల్లెడ ఉంటుందండి. చిల్లరా, పిన్నీసులూ అన్నీ వచ్చి ఇక్కడే ఇరుక్కుంటాయి. ఒక పళ్ళెం, పాతగుడ్డ ఇవ్వండి. మీరూ చూడండి, రేపు నేను లేకపోయినా చేసుకోవచ్చు." లోపలి బిరడా ఎడమవైపుకి మెల్లగా తిప్పేడు. పళ్ళెంలోకి కాసిని నీళ్ళే కారేయి, పీచు మాత్రం ఉండలు ఉండలుగా వచ్చింది.

"తాడు కూడా ఇదే పేనేస్తుందనుకున్నారేంటండి?"

సీతారత్నం సిగ్గుపడి నవ్వింది. చాన్నాళ్ళకి వచ్చిన నవ్వు. అది మొహంమీద ఉండగానే తాతబ్బాయి వేళ్ళకి ఇంకేదో తగిలింది. లాగేడు. నల్లగా, తడిగా, నిమ్మకాయంత ఉండ. జుట్టు.

కమురు వాసన వచ్చింది. జుట్టు కాలిన వాసన.

తాతబ్బాయి మోటారు వాసన చూసేడు. వైర్లు చూసేడు. "ఏదీ కాలలేదండి. మరి ఇదెక్కడిదో..." లోపలి పంపు రెక్కని వేలితో తిప్పేడు. సులువుగానే తిరిగింది. అన్నీ బిగించి మళ్ళీ ఆడించేడు. పంపు తిరిగింది, నీళ్ళు కదల్లేదు. చివరికి గొట్టం నేలకి దించి, మిషన్ని ఇద్దరూ కలిసి వాల్చి నీళ్ళు వంపేరు. తలుపు తీసి బట్టలు బయట పడేసేరు. కుళాయి కట్టేసి, ప్లగ్గు పీకేసేడు తాతబ్బాయి.

"అన్నీ బాగానే ఉన్నాయండి. బాగున్నది పని చెయ్యకపోవడం నా సర్వీసులో ఇదే చూడ్డం. రేపు కొత్తపంపు తెస్తాను." మళ్ళీ పళ్ళెంలో ఉండకేసి చూసి, "పాత మిషను కదండి. ఆ ఇంటివాళ్ళ జుట్టై ఉంటుంది. పారేయండి" అన్నాడు.

"మా అమ్మాయీ ఆ ఇంట్లోనే ఉండేది బాబూ."

తాతబ్బాయి పనిముట్లు సర్దుకున్నాడు. ఆ రోజు కాఫీ కూడా తాగలేదు.

సీతారత్నం ఆ ఉండని పారేయలేదు. మనిషిని ఎలాగూ చూడనివ్వలేదు. బూడిద గోదాట్లో కలిపేసేరు. ఇదైనా మిగిలిందనుకుంది. గుడ్డలో చుట్టి, దేవుడి గూట్లో పసుపుడబ్బా వెనకాల పెట్టుకుంది.

ఆ సాయంత్రం శ్రీలక్ష్మి వసారాలో అద్దం తలుపు ముందు బాసిపట్టు వేసుకుని కూర్చుని ఉంది. చెవి అద్దానికి ఆనించి ఉంది.

"ఏం చేస్తున్నావే అక్కడ?"

"నీళ్ళు అడుగుతోంది అమ్మమ్మా."

సీతారత్నం కాళ్ళు అక్కడే ఆగిపోయేయి. "ఎవరే? అమ్మా?"

పిల్ల కాసేపు విని, భుజాలెగరేసింది. "ఏమో. మాటలు మనలా లేవు. చేత్తో ఇలా అంటోంది." బొటనవేలు నోటిదగ్గర పెట్టి చూపించింది, దాహం అన్నట్టు.

బుధవారం వాయుగుండం పట్టింది. తాతబ్బాయి రాలేదు. గాలికి కొబ్బరిచెట్లు విల్లులా వంగి లేచేయి. ఊరి మొదట్లో స్తంభాలు పడి కరెంటు పోయింది. ఫోను తీగలు తెగేయి. సీతారత్నం అలవాటుకొద్దీ రిసీవరెత్తి చూసింది. చప్పుడే లేదు. ఇంక మోగాల్సిన ఫోను కాదని తెలుసు. అయినా, మోగదని తేలిపోయేసరికి ఇల్లు మరింత ఖాళీ అయినట్టనిపించింది.

గురువారం వాన కొంచెం తెరిపిచ్చినప్పుడు పక్కింటి అచ్చయమ్మ గోనెసంచి నెత్తిన కప్పుకుని వచ్చింది. డెబ్భైయేళ్ళ మనిషి. ఎన్నో చావులకి దగ్గరుండి నీళ్ళు పోసిన చేయి ఆమెది. సీతారత్నం ఆమెకి అంతా చెప్పింది.

అచ్చయమ్మ మిషనుకేసి చూసి గొంతు తగ్గించింది. "నీళ్ళు పొయ్యకుండా పంపిన మనిషి నీళ్ళకోసమే తిరుగుతుందే రత్నం. దొరికిన నీళ్ళు విడవదు. నువ్వు దాన్ని మిషనంటున్నావు. అది నీళ్ళు పట్టుకు కూర్చుంది."

"మరేం చెయ్యనత్తా?"

"ఏం చేస్తావు. తల్లివి. బిడ్డకి పొయ్యాల్సిన నీళ్ళు పొయ్యి."

శుక్రవారం దీపాలవేళకి వాన పూర్తిగా ఆగిపోయింది. గాలి కూడా లేదు. ఆకులమీంచి రాలే చుక్కలు మాత్రం... టప్... టప్... మని తడిసిన నేలమీద పడుతున్నాయి. తడి పీచు కుళ్ళిన వాసన ఇల్లంతా పట్టింది. శ్రీలక్ష్మి అన్నం తిని చాపమీద నిద్రపోయింది. సీతారత్నం లాంతరు వెలిగించి దేవుడి దగ్గర పెట్టబోతోంది.

పెరట్లోంచి చప్పుడైంది. నిండు బిందెని కదిపితే లోపల నీళ్ళు తొణికినట్టు.

ఆమె లాంతరు పట్టుకుని వసారాలోకి వెళ్ళింది. ప్లగ్గు పీకినది పీకినట్టే గోడకి వేలాడుతోంది. కుళాయి కట్టేసే ఉంది. బుధవారం పొద్దున్న ఆరడానికని తన చేత్తో తీసి వదిలిన అద్దం తలుపు మూసుకుని ఉంది.

లాంతరు దగ్గరగా పెట్టింది.

అద్దం సగానికి నీళ్ళు.

కమురు వాసన గుప్పుమంది. పీచు వాసనని మింగేసింది. లోపల బట్టల్లేవు. ఏమీ లేదు. నీళ్ళు మాత్రం అటూ ఇటూ... అటూ ఇటూ... ఊగుతున్నాయి. అద్దానికి లోపలివైపు ఆవిరి పట్టి ఉంది. ఆ ఆవిరిలో, ఐదువేళ్ళూ విడదీసి ఆనించిన అరచెయ్యి ముద్ర.

సీతారత్నం అరవలేదు. పారిపోదామని అడుగు వెనక్కి వేసి, మళ్ళీ ఆగింది. కన్నబిడ్డని చూసి ఎక్కడికి పారిపోతుంది? చేయి చాపి ఆ ముద్రమీద తన అరచెయ్యి ఆనించింది. చల్లగా ఉంటుందనుకుంది.

అద్దం కాలుతోంది.

"అమ్మా..." అంది సీతారత్నం. "వచ్చేవా తల్లీ. ఉండు. పోస్తాను. నీళ్ళు పోస్తాను."

తాతబ్బాయి చూపించినట్టు కిందమూత తీసి, బిరడా ఎడమవైపుకి తిప్పింది. బిరడా చేతిలోకి వచ్చేసింది. ఒక్క చుక్క కారలేదు. అంత నీరు, అంత పెద్ద కన్నం ఎదురుగా ఉన్నా కదలకుండా నిలబడి ఉంది.

ఆమె గబగబా లోపలికి వెళ్ళింది. గిన్నెలో కుంకుడుకాయలు కొట్టి పిసికింది. పసుపు తీసింది. గాబులోంచి బిందెడు నీళ్ళు తెచ్చింది. దేవుడి గూట్లోంచి గుడ్డమూట తెచ్చి విప్పింది. బిడ్డ ఒళ్ళు లేదు. ఉన్నది ఆ జుట్టు ఉండే. దానికే తలంటి పోద్దామనుకుంది. ఇత్తడి పళ్ళెంలో ఉంచి కుంకుడు రసం పోసింది. చిక్కు తియ్యడం మొదలుపెట్టింది. పీచు చిక్కు తీసి తీసి పండిన వేళ్ళు. మెల్లగా, నొప్పి పుట్టకుండా...

జుట్టు విచ్చుకుంది.

ఒక పాయ లాగితే పళ్ళెం దాటి వచ్చింది. ఇంకా వచ్చింది. చేతికి చుట్టింది. మూర. ఇంకా ఉంది. మూరన్నర. రెండు మూరలు. నడుము దాటి దిగే జుట్టు.

సీతారత్నం వేళ్ళు ఆగిపోయాయి.

ఉమ గుండుతో వెళ్ళింది. వెళ్ళిన పదో నెలలో పెట్టె వచ్చింది. పది నెలల జుట్టు... బెత్తెడు ఉంటుంది. పోనీ జానెడు.

రోజూ నా ముందు చతికిలబడి జడ వేయమంటుంది... తాడు పేనినట్టు...

పెట్టె ఎవరూ తియ్యలేదు. మొహం ఎవరూ చూడలేదు.

ముందు ఆమెకి కలిగినది సంతోషం. నా బిడ్డ కాదు. పొయ్యిలో పాలు పొంగినట్టు గుండెల్లో ఒక్కసారి పొంగింది. ఆ వెంటనే సిగ్గేసింది. అద్దంమీద ఆ అరచెయ్యి అలాగే ఉంది. వేళ్ళు సన్నం. ఇరవైయేళ్ళు ఉంటాయో ఉండవో. దీని తల్లి ఏ సముద్రం అవతలో గుమ్మంలో కూర్చుని ఉంటుంది. నీ కూతురు పారిపోయింది, జాడ లేదు అని చెప్పి ఉంటారు. దీన్ని ఊరుకాని ఊళ్ళో, వేరే పేరు పెట్టి, దాహంతోనే తగలేసేరు. కొరివి పెట్టినవాళ్ళకి కూడా దీని పేరు తెలీదు. ఇది తనకి జడ వేసిన చేతిని వెతుక్కుంటూ, ఆ చేతి తల్లిదగ్గరికి వచ్చింది...

"నువ్వెవరి పిల్లవమ్మా?" అంది సీతారత్నం గుసగుసగా.

లోపలనుంచి అద్దంమీద చిన్నగా చప్పుడైంది. టక్.

"నా మాట నీకు రాదు కదూ. పర్లేదు. నీళ్ళకి భాషెందుకు."

ఆమె చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని పీటమీద కూర్చుంది. ఆ జుట్టుని ఒళ్ళో పెట్టుకుని తలంటింది. పసుపు రాసింది. ఉమని చిన్నప్పుడు కాళ్ళమీద పడుకోబెట్టుకుని పోసినట్టే, చెంబు తర్వాత చెంబు, నెమ్మదిగా పోసింది. పోస్తూ, ఏడుస్తూ, "కళ్ళు మూసుకో తల్లీ, మండుతుంది" అంటూనే ఉంది. పెట్టె రోజున రాని ఏడుపంతా ఆ పరాయి పిల్లమీద రాలింది.

చివరి చెంబు పోసింది.

మిషను లోతుల్లోంచి నిట్టూర్పులాంటి శబ్దం వచ్చింది. కన్నంలోంచి నీళ్ళు ఒక్కసారి దూకేయి. పచ్చగా, పసుపు కలిపినట్టు, వెచ్చగా ఆమె పాదాల మీంచి పారి తూములోకి పోయాయి. కమురు వాసన పోయింది. కుంకుడు వాసన మిగిలింది. అద్దంమీద ముద్ర ఆవిరితో పాటే మెల్లగా చెరిగిపోయింది. తలుపు గడియ టిక్కుమని విడింది.

లోపల ఖాళీ. పొడిగా ఉంది.

సీతారత్నం ఆ జుట్టుని మూడుపాయలు చేసి జడ అల్లింది. కొత్తగుడ్డలో చుట్టింది. పొద్దున్నే గోదాట్లో కలిపి రావాలనుకుంది. పేరు తెలీదు కాబట్టి, "అమ్మాయీ, వెళ్ళిరా" అని మాత్రం అంది. మిషను తలుపు బార్లా తెరిచి వదిలేసి, లాంతరు తీసుకుని లోపలికి వచ్చింది. మనసు తేలికపడింది. తేలికపడినచోటే ఒక ప్రశ్న మొలిచింది. పోయింది ఆ పిల్లైతే, గోడ దూకి పారిపోయింది ఎవరు? పాస్‌పోర్టు లేకుండా, చేతిలో పైసా లేకుండా, నాలుగు నెలలబట్టీ ఆ ఎడారి ఊళ్ళో...

నడవలోకి వచ్చింది.

ఫోను మోగింది.

ఒక రింగు.

మూడురోజులబట్టీ తీగలు తెగి పొలాల్లో పడున్నాయి.

రెండో రింగు.

ఆగిపోయింది.

చాపమీద శ్రీలక్ష్మి కళ్ళు తెరవకుండానే ఒత్తిగిల్లింది. "అమ్మ బాగానే ఉందంట" అని గొణిగి మళ్ళీ నిద్రలోకి జారింది.

సీతారత్నం మూడో రింగు కోసం చూసింది. రాలేదు. రెండే. ప్రతి శుక్రవారం లాగే. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, ఇన్నాళ్ళకి నవ్వూ ఏడుపూ కలిసి వస్తుంటే, ఫోనువైపు ఒక అడుగు వేసింది.

వెనకాల వసారాలో, బార్లా తెరిచి వచ్చిన తలుపు... టిక్కుమని మూసుకుంది.

తర్వాత నీళ్ళు పడుతున్న చప్పుడు. సన్నగా, ఆగకుండా.

ఆమె ఫోనుకేసి చూసింది. పెరటికేసి చూసింది. బిడ్డ బతికే ఉందో, తనూ నీళ్ళకోసమే వచ్చిందో, ఎటు వెళ్ళాలో తెలియక, లాంతరు పట్టుకుని ఆ రెంటి మధ్యా నిలబడిపోయింది.